లెక్కకు జవాబు, జవాబుకు ఇల్లత్: అల్ ఖ్వారిజ్మీ బోధించిన పద్ధతి

ఉన్నత పాఠశాలలో చదివే ఒక విద్యార్థి సాయంత్రం ఇంటిలెక్కలు చేయడానికి కూర్చుంటాడు. పుస్తకంలో ఒక లెక్క ఇలా ఉంటుంది: ఒక సంఖ్య యొక్క వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39 వస్తుంది, ఆ సంఖ్య ఎంత? విద్యార్థి దీనిని య² + 10య = 39 అని వ్రాసుకుంటాడు. తరగతిలో కంఠస్థం చేసిన సూత్రంలో అంకెలు వేస్తాడు. 3 అని జవాబు తెస్తాడు. మరునాడు ఉపాధ్యాయుడు సరి అని గుర్తు పెడతాడు. అంతటితో లెక్క ముగిసినట్లే. కాని పక్కన కూర్చున్న చెల్లెలు "మూడే ఎందుకు వచ్చింది భయ్యా?" అని అడిగితే అతడు చెప్పగలిగింది ఒక్కటే: సూత్రం ప్రకారం వచ్చింది. ఆ సూత్రం ఎందుకు సరైనదంటే, పుస్తకంలో ఉంది కాబట్టి!

ఈ లెక్క వయస్సు సుమారు పన్నెండు వందల సంవత్సరాలు. దానిలోని అంకెలు కూడా మారలేదు. బగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో వర్గం, మూలం, సంఖ్య మూడూ కలిసి ఉండే సమీకరణాలను వివరించేటప్పుడు మొదట తీసుకున్న ఉదాహరణ ఇదే. జవాబు రాబట్టే నియమాన్ని ఆయన చెప్పారు. కాని అక్కడ ఆగలేదు. ఆ నియమం ఎందుకు సరైనదో బొమ్మ గీసి చూపారు. ఆ కారణానికి ఆయన వాడిన మాట 'ఇల్లత్'.

ఫిఖ్హ్ చదివినవారికి ఈ మాట కొత్తది కాదు. ఒక హుక్మ్ తెలిసి ఉండటం వేరు, దాని ఇల్లత్ తెలిసి ఉండటం వేరు. హుక్మ్ మాత్రమే తెలిసినవాడు తాను విన్న సందర్భం వరకే దానిని అన్వయించగలడు. ఇల్లత్ తెలిసినవాడు కొత్త సందర్భం ఎదురైనప్పుడు కూడా విచారించగలడు. గణితంలోనూ సంగతి ఇంతే. సూత్రం మాత్రమే తెలిసిన విద్యార్థి పుస్తకంలో ఉన్న లెక్క చేస్తాడు. కారణం తెలిసిన విద్యార్థి పుస్తకంలో లేని లెక్క కూడా చేస్తాడు.

గ్రంథం, దాని ఉద్దేశం

ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ సుమారు 780 నుండి 850 వరకు జీవించారు. 813 నుండి 833 వరకు పాలించిన అబ్బాసీ ఖలీఫా అల్ మామూన్ కాలంలో ఆయన బగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. గ్రీకు, సంస్కృత శాస్త్ర గ్రంథాలు అరబీ భాషలోకి వస్తున్న కాలమది. భారతీయుల ఖగోళ గణితం అంతకు పూర్వమే, ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో, బగ్దాదు చేరింది. భారతీయ అంకెలతో లెక్కించే విధానాన్ని గురించి అల్ ఖ్వారిజ్మీ వేరుగా ఒక గ్రంథమే వ్రాశారు.

ఆయన బీజగణిత గ్రంథం పేరు 'అల్ కితాబుల్ ముఖ్తసర్ ఫీ హిసాబిల్ జబ్ర్ వల్ ముఖాబలా'. 'ముఖ్తసర్' అంటే సంక్షిప్తమైనది. దీనిని పండితుల వాదోపవాదాల కోసం వ్రాయలేదనీ, ప్రజలకు నిత్యం అవసరమయ్యే లెక్కల కోసం వ్రాశారనీ పీఠికను చూస్తే తెలుస్తుంది. వారసత్వం, వసీయత్, ఆస్తి పంపకం, వ్యాజ్యాలు, వ్యాపారం, భూమి కొలత, కాలువల త్రవ్వకం - ఇవి ఆయన పేర్కొన్న అవసరాలు. గ్రంథంలో మిక్కిలి పెద్ద భాగం వసీయత్, వారసత్వాల లెక్కలకే కేటాయించబడింది. నేడు పాఠశాలలో బీజగణితం చదివే విద్యార్థికి ఈ సంగతి సాధారణంగా ఎవరూ చెప్పరు. అందువల్ల 'ఈ య ఎవరికి కావాలి?' అన్న ప్రశ్న అతని మనసులో మిగిలిపోతుంది.

షై, మాల్, జజ్ర్

అల్ ఖ్వారిజ్మీ గ్రంథంలో గుర్తులు లేవు. కూడిక గుర్తు గాని, సమాన గుర్తు గాని లేదు. సంఖ్యలను సైతం మాటలలోనే చెప్పారు. తెలియని రాశిని ఆయన 'షై' అన్నారు, అంటే వస్తువు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో ఇది నేటికీ వాడుకలో ఉన్న మాటే. తెలియని రాశిని దానితోనే గుణిస్తే వచ్చేది 'మాల్', అంటే సంపద. ఆ మాల్‌కు మూలమైన రాశి 'జజ్ర్', అంటే వేరు. తెలుగులో వర్గమూలం అన్నప్పుడు 'మూలం' అనే మాటకు కూడా వేరు అనే అర్థం. విడి సంఖ్యలను ఆయన తరచుగా దిర్హములుగా లెక్కించారు.

కాబట్టి 'య² + 10య = 39' అన్నది ఆయన మాటల్లో 'ఒక మాల్, పది జజ్ర్‌లు కలిసి ముప్ఫై తొమ్మిది దిర్హములకు సమానం' అవుతుంది. ఈ విధంగా మాటల్లో చదవడం విద్యార్థికి మంచి అలవాటు. గుర్తులు చూసి బెదిరే పిల్లవాడు కూడా మాటలు విని బెదరడు.

జబ్ర్ అంటే ఏమిటి? ముఖాబలా అంటే ఏమిటి?

'జబ్ర్' అనే అరబీ మాటకు లోటు తీర్చడం, విరిగినదానిని తిరిగి కట్టడం అని అర్థం. విరిగిన ఎముకను సరిచేసి కట్టేవానిని స్పానిష్ భాషలో ఒకప్పుడు 'అల్జెబ్రిస్తా' అనేవారు. ఆ మాట ఇక్కడిదే. గణితంలో జబ్ర్ అంటే, ఒక పక్షంలో తీసివేత వల్ల ఏర్పడిన లోటును తీర్చి, అంతే మొత్తాన్ని రెండవ పక్షంలో కూడా కలపడం. 'ముఖాబలా' అంటే ఎదురెదురుగా పెట్టడం. రెండు పక్షాలలోనూ ఒకే రకమైన రాశులు ఉన్నప్పుడు సమానమైన భాగాన్ని రెండింటి నుండీ తొలగించడమే ముఖాబలా.

అల్ ఖ్వారిజ్మీ ఇచ్చిన ఒక లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. పదిని రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని దానితోనే గుణిస్తే వచ్చిన ఫలితం, రెండు భాగాలను పరస్పరం గుణిస్తే వచ్చిన ఫలితానికి నాలుగు రెట్లు ఉన్నది. ఆ భాగాలు ఏవి?

మొదటి భాగం షై అనుకుంటే రెండవది పది తక్కువ షై. వీటిని గుణిస్తే పది షైలు తక్కువ ఒక మాల్ వస్తుంది. దానికి నాలుగు రెట్లు: నలభై షైలు తక్కువ నాలుగు మాల్‌లు. ఇది మొదటి భాగపు వర్గానికి, అంటే ఒక మాల్‌కు, సమానం. ఇక్కడ నలభై షైలలో నాలుగు మాల్‌ల లోటు ఉన్నది. జబ్ర్ చేసి ఆ లోటును తీర్చాలి. రెండు పక్షాలకూ నాలుగు మాల్‌లు కలిపితే, ఐదు మాల్‌లు నలభై షైలకు సమానమవుతాయి. అంటే ఒక మాల్ ఎనిమిది షైలకు సమానం. కాబట్టి షై 8, రెండవ భాగం 2.

జవాబును సరిచూడాలి. 8 వర్గం 64. 8ని 2తో గుణిస్తే 16. దానికి నాలుగు రెట్లు 64. రెండూ సమానమే.

'గుర్తు మార్చి అటువైపుకు పంపాలి' అని తరగతిలో వల్లె వేయించే నియమం నిజానికి ఇదే. రాశి ఏదీ ఎక్కడికీ పోదు, దాని గుర్తు దానంతటదే మారదు. రెండు పక్షాలకూ ఒకే మొత్తాన్ని కలిపినందువల్లనే ఆ విధంగా కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిసిన విద్యార్థి గుర్తుల విషయంలో తప్పు చేయడం అరుదు.

ముప్ఫై తొమ్మిది లెక్క: నియమం, బొమ్మ

అల్ ఖ్వారిజ్మీ సమీకరణాలను ఆరు రకాలుగా విభజించారు. మాల్ జజ్ర్‌లకు సమానమయ్యేది, మాల్ సంఖ్యకు సమానమయ్యేది, జజ్ర్‌లు సంఖ్యకు సమానమయ్యేది - ఈ మూడూ సులభమైనవి. మాల్, జజ్ర్‌లు కలిసి సంఖ్యకు సమానమయ్యేది. మాల్, సంఖ్య కలిసి జజ్ర్‌లకు సమానమయ్యేది. జజ్ర్‌లు, సంఖ్య కలిసి మాల్‌కు సమానమయ్యేది - ఈ మూడూ మిశ్రమమైనవి. రుణ సంఖ్యలను స్వతంత్ర రాశులుగా ఆయన స్వీకరించలేదు. అందువల్లనే నేడు ఒకే రూపంలో వ్రాసే వర్గ సమీకరణాన్ని ఆరుగా విడదీయవలసి వచ్చింది.

విద్యార్థి చేసిన లెక్క నాల్గవ రకానికి చెందినది. దానికి ఆయన చెప్పిన నియమం ఇది: జజ్ర్‌ల సంఖ్య పది, దానిలో సగం ఐదు, ఐదును ఐదుతో గుణిస్తే 25, దానిని 39కి కలిపితే 64, దాని వర్గమూలం 8, అందులోనుండి జజ్ర్‌ల సంఖ్యలో సగమైన ఐదును తీసివేస్తే 3. ఇదే జవాబు. మాల్ 9.

సగం చేయడం ఎందుకు? ఇరవై ఐదు ఎక్కడి నుండి వచ్చింది? చివర ఐదు తీసివేయడం ఎందుకు? ఇల్లత్ కోసం కాగితం మీద బొమ్మ గీయాలి.

మొదట ఒక చతురస్రం గీయాలి. దాని భుజం ఎంతో తెలియదు, అదే షై. దాని వైశాల్యం మాల్. ఇప్పుడు పది జజ్ర్‌లు కావాలి. షై పొడవు, పది వెడల్పు గల దీర్ఘచతురస్రం వైశాల్యం పది జజ్ర్‌లు. దానిని ఒకేవైపు అతికిస్తే బొమ్మ పొడవుగా సాగిపోతుంది, చతురస్రం కాదు. అందుచేత దానిని నిలువునా సగం చేయాలి. ఐదు వెడల్పు గల రెండు ముక్కలు వస్తాయి. ఒకదానిని చతురస్రానికి కుడివైపున, రెండవదానిని క్రిందివైపున అతికించాలి. సగం చేయడానికి కారణం ఇదే.

ఇప్పుడు చతురస్రం, రెండు ముక్కలు కలిసి వైశాల్యం 39. లెక్కలో చెప్పింది ఇంతే. బొమ్మను చూస్తే అది దాదాపు ఒక పెద్ద చతురస్రంలా ఉంటుంది. కాని క్రింద కుడి మూల ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ మూల కూడా చతురస్రమే. దాని ఒక్కొక్క భుజం ఐదు. కాబట్టి దాని వైశాల్యం 25. ఆ లోటును తీరిస్తే పెద్ద చతురస్రం పూర్తవుతుంది. 39కి 25 కలిపితే 64. అరవై నాలుగు వైశాల్యం గల చతురస్రం భుజం 8. ఆ ఎనిమిదిలో షై ఒక భాగం, అతికించిన ముక్క వెడల్పు ఐదు మరొక భాగం. ఐదు తీసివేస్తే షై 3.

సరిచూస్తే, మూడు వర్గం 9, మూడుకు పది రెట్లు 30, మొత్తం 39.

పాఠ్యపుస్తకాలు 'వర్గాన్ని పూర్తి చేయడం' అని చెప్పే పద్ధతి అక్షరాలా ఒక చతురస్రపు మూలను పూర్తి చేయడమే. పది బదులు ఎనిమిది ఉన్నా, పన్నెండు ఉన్నా, బొమ్మ మారదు. మూల మాత్రం చిన్నదో పెద్దదో అవుతుంది. సూత్రాన్ని మరచిపోయినవాడు కూడా ఈ బొమ్మను గీసుకుంటే దానిని తిరిగి రాబట్టుకోగలడు.

రెండు జవాబులు, ఏ జవాబూ లేకపోవడం

ఐదవ రకానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ: ఒక మాల్, ఇరవై ఒకటి కలిసి పది జజ్ర్‌లకు సమానం. దీనినే నేటి ఇంటిలెక్క రూపంలో ఇలా చెప్పవచ్చు: ఒక గది నేల దీర్ఘచతురస్రం, చుట్టుకొలత 20 గజాలు, వైశాల్యం 21 చదరపు గజాలు, పొడవు, వెడల్పు ఎంత?

చుట్టుకొలతలో సగం పది. అంటే పొడవు, వెడల్పు కలిసి పది. ఒకటి షై అయితే రెండవది పది తక్కువ షై. వీటి లబ్ధం పది షైలు తక్కువ ఒక మాల్, అది 21. జబ్ర్ చేస్తే పైన చెప్పిన సమీకరణమే వస్తుంది.

నియమం ప్రకారం పదిలో సగం ఐదు. దాని వర్గం 25. అందులోనుండి 21 తీసివేస్తే 4. దాని వర్గమూలం 2. ఐదులోనుండి రెండు తీసివేస్తే 3, ఐదుకు రెండు కలిపితే 7. రెండూ జవాబులే అని అల్ ఖ్వారిజ్మీ స్పష్టంగా చెప్పారు. గది విషయంలో ఇది సులభంగా అర్థమవుతుంది. వెడల్పు 3 అయితే పొడవు 7. షై అని దేనిని పిలిచారన్న దానిని బట్టి జవాబు మూడో ఏడో అవుతుంది.

దీని కారణం కూడా చూడదగినది. పొడవు, వెడల్పు సమానమైతే ఒక్కొక్కటి ఐదు, వైశాల్యం 25. ఒకటి రెండు గజాలు పెరిగి, మరొకటి రెండు గజాలు తగ్గితే చుట్టుకొలత మారదు. కాని వైశాల్యం రెండు వర్గం మేరకు, అంటే నాలుగు, తగ్గుతుంది. కాబట్టి ఇరవై గజాల చుట్టుకొలతతో 25 చదరపు గజాలకు మించిన గది కట్టడం సాధ్యం కాదు. లెక్కలో 21 బదులు 26 అని ఉంటే? సగం యొక్క వర్గం ఇచ్చిన సంఖ్యకంటే తక్కువైతే ఆ లెక్క అసాధ్యమనీ, రెండూ సమానమైతే జజ్ర్‌ల సంఖ్యలో సగమే జవాబు అనీ ఆయన వ్రాశారు. తరగతిలో దీనినే 'విచక్షణి' అంటారు. విచక్షణి రుణ సంఖ్య అయితే వాస్తవ మూలాలు లేవని విద్యార్థి కంఠస్థం చేస్తాడు. అటువంటి గది ఎందుకు ఉండదో బొమ్మ చెబుతుంది.

త్రిభుజంలో చతురస్రం

బీజగణితం, రేఖాగణితం వేర్వేరు పుస్తకాలుగా చదివే విద్యార్థికి అల్ ఖ్వారిజ్మీ భూమి కొలతల ప్రకరణంలోని ఒక లెక్క చాలా ఉపయోగపడుతుంది. ఒక త్రిభుజాకారపు నేల; రెండు భుజాలు పదేసి మూరలు, భూమి పన్నెండు మూరలు. దాని లోపల, భూమిని ఆనుకొని, సాధ్యమైనంత పెద్ద చతురస్రం గీస్తే దాని భుజం ఎంత?

మొదట ఎత్తు కావాలి. సమద్విబాహు త్రిభుజం కాబట్టి శీర్షం నుండి దించిన లంబం భూమిని ఆరు, ఆరుగా విభజిస్తుంది. పది వర్గం 100, ఆరు వర్గం 36, తీసివేస్తే 64, ఎత్తు 8. త్రిభుజ వైశాల్యం ఆరును ఎనిమిదితో గుణిస్తే 48.

చతురస్రం భుజం షై అనుకోవాలి. ఇప్పుడు త్రిభుజం నాలుగు ముక్కలైంది: మధ్య చతురస్రం, దాని ఇరుపక్కల రెండు చిన్న త్రిభుజాలు, పైన ఒక త్రిభుజం.

మధ్య చతురస్రం వైశాల్యం ఒక మాల్. పక్క త్రిభుజాలు రెండూ సమానం. ఒక్కొక్కదాని భూమి ఆరు తక్కువ సగం షై, ఎత్తు షై. రెండింటి వైశాల్యం కలిపి ఆరు షైలు తక్కువ సగం మాల్. పై త్రిభుజం భూమి షై, ఎత్తు ఎనిమిది తక్కువ షై. దాని వైశాల్యం నాలుగు షైలు తక్కువ సగం మాల్.

అన్నింటినీ కలపాలి. ఒక మాల్ ఉన్నది. సగం, సగం చొప్పున రెండు లోటులున్నాయి. మాల్ పూర్తిగా పోయింది. మిగిలినవి పది షైలు. అవి 48కి సమానం. షై 4, ఐదింట నాలుగు వంతులు, అంటే 4.8 మూరలు.

చూడడానికి కఠినమైన రేఖాగణిత సమస్య, షై అని పేరు పెట్టగానే ఒక చిన్న భాగహారంగా మారింది. తెలియనిదానికి పేరు పెట్టి, తెలిసినదానితో సమానంగా వ్యవహరించడమే బీజగణితం యొక్క శక్తి. అదే ప్రకరణంలో 13, 14, 15 మూరల భుజాలు గల త్రిభుజం కూడా ఉన్నది. 14ను భూమిగా తీసుకొని, లంబం దానిని విభజించే భాగాలలో చిన్నదానిని షై అని పిలిచి, ఇరువైపులా పైథాగరస్ సిద్ధాంతాన్ని ప్రయోగిస్తే షై 5, ఎత్తు 12, వైశాల్యం 84 వస్తాయి. విద్యార్థులు దీనిని స్వయంగా చేసి చూడవచ్చు.

హక్కుల లెక్క

ఇక ఈ గ్రంథం ఏ అవసరం కోసం ముఖ్యంగా వ్రాయబడిందో ఆ లెక్కలు. మొదట ఒక సులభమైన ఉదాహరణ. ఒక వ్యక్తి భార్యను, ఒక కుమారుణ్ణి, ఒక కుమార్తెను విడిచి మరణించాడు. తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. కఫన్ దఫన్ ఖర్చులు పోను 30,000 రూపాయలు మిగిలాయి. 3,000 అప్పు ఉంది. ఒక మదర్సాకు 3,000 వసీయత్ చేశాడు.

క్రమం ముఖ్యం. మొదట అప్పు తీర్చాలి, 27,000 మిగులుతుంది. వసీయత్ అందులో మూడవ వంతు మించకూడదు. 3,000 ఆ పరిమితిలోనే ఉంది. అది చెల్లించగా 24,000. సూరా నిసా 11, 12 ఆయతుల ప్రకారం సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 3,000. మిగిలిన 21,000లో కుమార్తెకు ఒక షై, కుమారునికి రెండు షైలు. మూడు షైలు 21,000కు సమానం. కుమార్తెకు 7,000, కుమారునికి 14,000.

ఇక్కడ ఎవరైనా తొందరపడి భార్య ఎనిమిదవ వంతును 30,000 మీదనే కట్టి 3,750 అంటే ఏమవుతుంది? ఆ అదనపు 750 రూపాయలు గాలిలోనుండి రావు. కుమార్తె వాటాలో 250, కుమారుని వాటాలో 500 తగ్గుతాయి. ఇంటిలెక్కలో తప్పు చేస్తే ఒక మార్కు పోతుంది. ఈ లెక్కలో తప్పు చేస్తే ఒకరి హక్కు మరొకరి చేతిలోకి పోతుంది.

పై లెక్కకు బీజగణితం అవసరం లేదని ఎవరైనా అనవచ్చు. నిజమే. అల్ ఖ్వారిజ్మీ వసీయత్‌ల ప్రకరణంలో మొదట ఇచ్చిన లెక్క అలాంటిది కాదు. ఒక వ్యక్తి ఇద్దరు కుమారులను విడిచి మరణించాడు. ఆస్తిలో మూడవ వంతు ఒక పరాయి వ్యక్తికి వసీయత్ చేశాడు. చేతిలో ఉన్నది పది దిర్హములు. మరొక పది దిర్హములు కుమారులలో ఒకడు తండ్రికి బాకీ ఉన్నాడు.

మొత్తం ఇరవై అనుకొని మూడు భాగాలు చేస్తే ఒక్కొక్కరికి ఆరు దిర్హములు, రెండు మూడవ వంతులు రావాలి. కాని చేతిలో పది మాత్రమే ఉన్నాయి. బాకీదారుడు కాని ఇద్దరికీ ఇవ్వడానికి పదమూడు పైన కావాలి. అది కుదరదు. బాకీ ఉన్న కుమారుడు నగదు తీసుకోడు. అతని వాటా మేరకు బాకీ చెల్లిపోయినట్లు లెక్క. కాబట్టి బాకీలో అతని వాటాకు సమానమైన భాగాన్ని మాత్రమే ఆస్తిలో చేర్చాలి. కాని వాటా ఎంతో తెలియాలంటే ఆస్తి ఎంతో తెలియాలి. ఆస్తి ఎంతో తెలియాలంటే వాటా ఎంతో తెలియాలి. మామూలు అంకగణితం ఇక్కడ ఆగిపోతుంది.

బాకీలోనుండి చేర్చవలసిన భాగాన్ని షై అనుకోవాలి. ఆస్తి పది, ఒక షై. మూడవ వంతు వసీయత్ పోగా మిగిలేది ఆరు దిర్హములు, రెండు మూడవ వంతులు, మరియు షైలో రెండు మూడవ వంతులు. ఇద్దరు కుమారులకు పంచితే ఒక్కొక్కరికి మూడు దిర్హములు, ఒక మూడవ వంతు, మరియు షైలో మూడవ వంతు. బాకీ ఉన్న కుమారుని వాటాయే షై. కాబట్టి ఈ మొత్తం షైకి సమానం. ముఖాబలా చేసి రెండు పక్షాలలోనుండి షైలో మూడవ వంతును తొలగిస్తే, షైలో రెండు మూడవ వంతులు మూడు దిర్హములు, ఒక మూడవ వంతుకు సమానం. షై 5.

అంటే లెక్కకు వచ్చే ఆస్తి 15. వసీయత్ పొందిన వ్యక్తికి 5, ఒక్కొక్క కుమారునికి 5. చేతిలో ఉన్న పది దిర్హములు పరాయి వ్యక్తికి, రెండవ కుమారునికి సరిగా సరిపోతాయి. బాకీదారునికి అతని బాకీలోనే ఐదు చెల్లిపోయింది. మిగిలిన ఐదు దిర్హముల బాకీ సంగతి ఫిఖ్హ్ విచారించవలసినది. లెక్క తన పని న్యాయంగా పూర్తి చేసింది.

విద్యార్థులు తరచుగా చేసే తప్పులు

మొదటిది, (య + 5) వర్గాన్ని య² + 25 అని వ్రాయడం. పైన గీసిన బొమ్మలో పెద్ద చతురస్రాన్ని చూస్తే, చిన్న చతురస్రం, మూల మాత్రమే కాక, ఐదు వెడల్పు గల రెండు ముక్కలు కూడా కనిపిస్తాయి. వాటిని మరచిపోతే బొమ్మలో దాదాపు సగం పోతుంది.

రెండవది, 25ను ఒక పక్షానికి మాత్రమే కలపడం. మూలను పూర్తి చేసినప్పుడు మొత్తం వైశాల్యం కూడా పెరుగుతుందని గుర్తుంటే ఈ తప్పు జరగదు.

మూడవది, రెండు పక్షాలనూ తెలియని రాశితో భాగించి ఒక జవాబును పోగొట్టుకోవడం. పదిని రెండు భాగాలు చేసే లెక్కలో సున్న కూడా సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది. అల్ ఖ్వారిజ్మీ దానిని లెక్కలోకి తీసుకోలేదు. సున్న ఒక భాగం కాదు కదా. కాని నేటి పరీక్షలో సమీకరణాన్ని మాత్రమే ఇచ్చి మూలాలు అడిగితే సున్నను కూడా చెప్పాలి. అలాగే య² + 10య = 39కి రుణ 13 కూడా మూలమే; 169లోనుండి 130 తీసివేస్తే 39. చతురస్రం భుజం రుణ సంఖ్య కాలేదు కాబట్టి బొమ్మలో అది కనిపించదు. బొమ్మ కారణాన్ని చూపుతుంది. అన్ని మూలాలనూ చూపదు. ఈ తేడాను విద్యార్థి గ్రహించాలి.

నాలుగవది, జవాబును సరిచూడకపోవడం. ఒక నిమిషం పని అది. అయినా ఎక్కువమంది వదిలివేసేది దానినే.

ఎవరి విద్య?

ఈ గ్రంథాన్ని 1145లో స్పెయిన్‌లోని సెగోవియా నగరంలో చెస్టర్ వాసి రాబర్ట్ లాటిన్ భాషలోకి అనువదించాడు. అదే శతాబ్దంలో క్రెమోనా వాసి జెరార్డ్ కూడా అనువదించాడు. గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' ఐరోపా భాషలలో 'ఆల్జీబ్రా' అయింది. గ్రంథకర్త పేరు 'ఆల్గారిథం' అనే మాటగా మిగిలింది. 1831లో ఫ్రెడరిక్ రోజెన్ అరబీ మూలంతో పాటు ఆంగ్లానువాదాన్ని లండన్‌లో ప్రకటించాడు.

ఇది గర్వించదగిన చరిత్రే. కాని గర్వం పేరుతో సత్యాన్ని మరుగుపరచడం అల్ ఖ్వారిజ్మీ మార్గం కాదు. అంకెల విద్య భారతీయులదని ఆయనే ప్రకటించారు. ధన, రుణ రాశుల, సున్న యొక్క నియమాలను బ్రహ్మగుప్తుడు 628లోనే వ్రాశాడు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. 1918లో హైదరాబాదులో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో గణితం బోధించినప్పుడు చతురస్రం 'మురబ్బా', త్రిభుజం 'ముసల్లస్', మూలం 'జజ్ర్' అన్న మాటలు తెలుగు నేలమీద తరగతి గదుల్లో వినిపించాయి. విద్య ఒక జాతి సొత్తుగా ఏనాడూ ఉండలేదు. నేర్చుకున్నవారికే అది దక్కింది.

సభలలో అల్ ఖ్వారిజ్మీ పేరు చెప్పి, ఇంట్లో పిల్లవాడు గైడు చూసి జవాబు ఎక్కించుకుంటుంటే ఊరుకోవడం ఆ పండితుని పట్ల గౌరవం కాదు. తల్లిదండ్రులకు బీజగణితం రాకపోయినా ఫరవాలేదు. "జవాబు ఎంత?" అని అడిగే బదులు "ఎందుకు?" అని అడిగితే చాలు. ఆ ప్రశ్న విన్న అన్న పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ఒక చతురస్రం గీసి, ఖాళీగా ఉన్న మూలను చెల్లెలికి చూపించగలిగిన రోజున ఆ లెక్క అతనికి నిజంగా వచ్చినట్లు.